సంఘం బండికి పాత గేరుబాక్సు కొనవచ్చునా?

సంఘం పికప్ బండి గేరుబాక్సు పోయింది. కొత్త సామానుకు చెప్పిన ధర విని పాలక వర్గం నోరు మూసుకొన్నది. పాత సామాను దుకాణంలో అదే డబ్బా మూడో వంతుకే దొరుకుతుందని మెకానిక్ అంటున్నాడు. కొనవచ్చునా, కూడదా? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో తనిఖీకి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాల కంటె ముందు ఈ ప్రశ్నే ఎదురవుతున్నది. సాయంత్రం పాలు వచ్చే వేళకు బండి లేకపోతే ఎట్లా అన్న బెంగతో అడుగుతారు గనుక "చూచి చేయండి" అని చెప్పి వచ్చేస్తే సరిపోదు. కొంచెం వివరంగానే చెప్పుకొందాం.

ముందుగా ఒక మాట. పాత భాగం కొనడం తప్పు కాదు, నేరం కాదు. కొత్తదే కొనాలన్న నియమం ఏ సహకార చట్టంలోను లేదు. అయితే అది చవకా, ప్రియమా అన్నది దుకాణంలో తేలదు. ఆ బండి దారిలో నిలిచిపోయిన రోజున కేన్లలోని పాలను కాపాడుకొనే దారి మనకు ఉన్నదా, లేదా అన్నదానిపై తేలుతుంది. ఒకే డబ్బా, ఒకే ధర, ఒక సంఘానికి లాభం, ఇంకొక సంఘానికి నష్టం కావచ్చును. అది ఎట్లాగో ముందు ముందు లెక్క వేసి చూద్దాం.

బలం చక్రానికి ఎట్లా చేరుతుంది

ఇంజను పుట్టించిన బలాన్ని వెనుక చక్రాలకు అందించే భాగాలన్నీ కలిపి డ్రైవ్ లైను. ఇంజను వెంటనే క్లచ్, తరువాత గేరుబాక్సు, అక్కడి నుండి బండి కింద పొడవునా పోయే ప్రొపెల్లర్ షాఫ్టు, చివర రెండు చక్రాల నడుమ ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్, దాని లోపల క్రౌను, పినియను, అక్కడి నుండి రెండు వైపులకు యాక్సిళ్ళు. మన సంఘాలలో తిరిగే చిన్న బండ్లన్నీ దాదాపు ఇదే పద్ధతివి.

చేతితో తిప్పే మీగడ యంత్రం చూచినవారికి పళ్ళ చక్రాల పని వేరే చెప్పనక్కరలేదు. పిడిని నిమిషానికి 60 చుట్లు తిప్పితే లోపలి గిన్నె వేల చుట్లు తిరుగుతుంది. అక్కడ వేగం పెరిగి బలం తగ్గింది. బండిలో ఇందుకు తలక్రిందులు. ఇంజను వేల చుట్లు తిరుగుతుంటే చక్రం కొన్ని వందల చుట్లే తిరుగుతుంది, కాని నిండు కేన్లను గుట్ట ఎక్కించేంత బలం వస్తుంది. ఆ బలమంతా వేలెడంత వెడల్పు కూడా లేని పళ్ళ మీద పడుతున్నదని గుర్తుంచుకోవాలి.

పాల బండి పని మిగతా బండ్ల పని వంటిది కాదు. సిమెంటు బస్తాల బండి ఒకచోట ఎత్తుకొని ఒకచోట దించుతుంది. పాల బండి ఒక్కొక్క పూట 15 చోట్ల ఆగుతుందనుకొంటే, రెండు పూటలకు 30 సార్లు ఆగి కదలాలి. ఏడాదికి 10,950 సార్లు. కదిలిన ప్రతిసారి క్లచ్ ప్లేటు కొంత అరుగుతుంది, మొదటి రెండు గేర్లు దెబ్బ తింటాయి. హైదరాబాదు నుండి జనగామ మీదుగా వరంగల్లు పోయే జాతీయ రహదారి ఎంత నున్నగా ఉన్నా, లింగాలఘనపూర్, దేవరుప్పుల, బచ్చన్నపేట ఊళ్ళలో పాలు ఎత్తుకొనే బండికి ఈ ఆగుడు, కదులుడు తప్పవు. భూపాలపల్లి వైపు బొగ్గు లారీల బరువుకు కుంగిన రోడ్లు, కాటారం, మహదేవపూర్ వైపు దూరాలు. మహబూబాబాద్ వైపు కొత్తగూడ, గంగారం ఏజెన్సీ దారులు, వాగుల మీద లోతట్టు కాజ్‌వేలు. 2016 అక్టోబరు 11న వేరు వేరు జిల్లాలు కాకముందు ఇవన్నీ దాదాపుగా ఒకే వరంగల్లు జిల్లా. సంఘాల బైలాలు ఇప్పటికీ ఒకే అచ్చు. దారులు మాత్రం ఎప్పుడూ ఒకటి కావు.

పోయింది గేరుబాక్సేనా?

దుకాణానికి బయలుదేరే ముందు ఈ ప్రశ్నకు జవాబు కావాలి. "డబ్బా పోయింది" అన్న మాటతో మొదలైన ఖర్చులలో చాలా వరకు డబ్బా లోపలిది కాదు. నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి సహకార శాఖకు వచ్చినవాణ్ణి. అక్కడ నేర్చినది, తరువాత మంచి మెకానిక్‌ల దగ్గర విన్నది కలిపి చెబుతున్నాను. వీటిని డ్రైవరే చూడవచ్చును, రూపాయి ఖర్చు లేదు.

బండి నిలిపి, ఇంజను ఆడుతుండగా, న్యూట్రల్‌లో ఉంచి చెవి పెట్టండి. మోత వస్తున్నదా? క్లచ్ తొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు ముందు బేరింగు మీద అనుమానం. క్లచ్ తొక్కినప్పుడే మోత మొదలైతే గేరుబాక్సుకు సంబంధం లేదు, రిలీజు బేరింగు అరిగింది. ఇంజను అరుస్తున్నది గాని బండి ముందుకు సాగడం లేదంటే క్లచ్ ప్లేటు. కదిలేటప్పుడు కింద ఎక్కడో టక్కుమని కొడితే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు చూడాలి. వేగంలో ఏక్సిలరేటరు తొక్కినప్పుడు ఊళ వేసినట్లుండి, కాలు తీయగానే ఆ రాగం మారితే వెనుక క్రౌను, పినియను. గేరు దానంతట అదే జారిపోతుంటే లోపలి అరుగుదల కావచ్చును. కాని ముందు ఇంజను, గేరుబాక్సు కూర్చొనే రబ్బరు మౌంటింగులు చూడండి. అవి చిరిగినా గేరు జారుతుంది.

వీటన్నిటికంటె ముందు నూనె. గేరుబాక్సు పక్కన నూనె మట్టం చూచే బోల్టు ఉంటుంది. దానిని విప్పి వేలు పెట్టి చూచే అలవాటు డ్రైవర్లలో తక్కువ. సీలు కారి, నూనె తగ్గి, ఎండిన పళ్ళు ఒకదానినొకటి తినేసిన తరువాత పాత డబ్బా తెచ్చి వేస్తే, అదే కారుడు దీనిని కూడా తింటుంది.

నూనె రంగు కూడా చూడాలి. తెల్లగా, పాలు కలిసిన టీ మాదిరిగా ఉంటే నీరు చేరినట్లు. వెనుక హౌసింగు పైన గాలి ఆడే చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. బండి నడిచి వేడెక్కిన హౌసింగు వాగు నీటిలో దిగినప్పుడు ఒక్కసారిగా చల్లబడి, ఆ రంధ్రం గుండా, సీళ్ళ గుండా నీటిని లోపలికి పీల్చుకొంటుంది. పాలలో నీళ్ళు కలిస్తే పట్టుకొనే మన సభ్యులకు నూనెలో నీళ్ళు పట్టుకోవడం ఒక లెక్క కాదు. చూడాలన్న ఆలోచన రావాలి, అంతే. సకాలంలో చూస్తే నూనె మార్చడంతో పోతుంది.

పాతది అంటే ఎన్ని రకాలు

దుకాణదారు "సెకండ్ హ్యాండ్" అన్న ఒక్క మాటలో నాలుగు రకాల సరుకును కలిపేస్తాడు. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన బండి నుండి విప్పని స్థితిలో తీసిన పూర్తి డబ్బా ఒకటి. ఇది మేలు రకం, ఎందుకంటే ఆ రోజు వరకు ఆ బండి నడుస్తూ ఉన్నదని మనకు తెలుసు. వయసు తీరి తుక్కుకు వచ్చిన బండి నుండి తీసినది రెండవది. విప్పి, ఏవో కొన్ని మార్చి, రంగు వేసి "రీకండిషన్" అని అమ్మేది మూడవది. ఏమేమి మార్చారో బిల్లులో వ్రాసి ఇస్తే తప్ప అది రంగు వేసిన తుక్కే అనుకోవాలి. నాలుగవది విడి విడిగా గంపలో పోసిన గేర్లు, షాఫ్టులు. ఏ బండివో, ఎన్నాళ్ళు నడిచాయో చెప్పేవారు ఉండరు.

ఐదవ రకం కూడా ఉన్నది, అది తన పేరు చెప్పుకోదు: వరదలో మునిగిన బండి సరుకు. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు మొదటి రోజున ఆకేరు, మున్నేరు పొంగాయి, మహబూబాబాద్ జిల్లాలో రైలు కట్ట కొట్టుకొనిపోయింది. అట్లాంటి వరదలలో నీట మునిగిన బండ్ల సామాను కడిగి, తుడిచి, ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తుంది. పైకి తళతళలాడుతుంది. లోపల బేరింగు గుండ్ల మీద తుప్పు సూదిమొన గుంటలు చేసి ఉంటుంది. నెల రోజులు బాగానే నడిచి తరువాత మోత మొదలవుతుంది. క్లచ్ కూర్చొనే గంట ఆకారపు కవరు లోపల మూలల్లో ఒండ్రు, నూనె దించే బోల్టు చుట్టూ సన్నని ఇసుక, షాఫ్టు గాట్లలో ఎర్ర తుప్పు ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు.

ఏది కొనవచ్చును, ఏది కూడదు

అరగని ఇనుము, అరిగే ఇనుము అని రెండుగా చూడండి. గేరుబాక్సు పెంకు, క్లచ్ కవరు గంట, యాక్సిల్ గొట్టం, డిఫరెన్షియల్ హౌసింగు, వంగని ప్రొపెల్లర్ షాఫ్టు గొట్టం, ఇవి పగిలితే తప్ప అరిగేవి కావు. అతుకు లేనివి చూచి పాతవి కొంటే సంఘానికి నిజమైన పొదుపు. వెల్డింగు చేసిన పెంకును మాత్రం ముట్టవద్దు. ఒకసారి పగిలినది ఎందుకు పగిలిందో మనకు తెలియదు.

క్లచ్ ప్లేటు, ప్రెషరు ప్లేటు, రిలీజు బేరింగు, గేరుబాక్సు లోపలి బేరింగులు, ఇత్తడి సింక్రో రింగులు, నూనె సీళ్ళు, షాఫ్టు క్రాసులు, ఇవి అరగడానికే పుట్టినవి. వీటిని పాతవి కొనడమంటే ఇంకొకరు తిని పారేసిన చెరకు పిప్పి కొన్నట్లే. ఎంత తక్కువకు వచ్చినా కొత్తవే వేయాలి. మంచి పాత డబ్బా తెచ్చి, రెండు వందలు మిగులుతాయని దాని పాత సీలును అలాగే ఉంచడం మన వాళ్ళు చేసే పొదుపుల్లో అన్నిటికంటె ఖరీదైన పొదుపు.

క్రౌను, పినియను సంగతి వేరు. ఇవి భార్యాభర్తల వంటివి. కర్మాగారంలో ఆ రెండింటినీ కలిపి తిప్పి, ఒకదాని పళ్ళు ఒకదానికి ఒదిగేటట్లు చేసి, రెండింటి మీద ఒకే జత సంఖ్య వేస్తారు. ఒక బండి క్రౌను, ఇంకొక బండి పినియను కలిపితే రాత్రింబవళ్ళు పోట్లాడుకొని రెండూ చెడిపోతాయి. జత సంఖ్య కలవనిది కొనరాదు. కలిసినా, విడి జత కంటె విప్పని హౌసింగుతో సహా తీసుకోవడం మంచిది. వాటి నడుమ ఉండవలసిన సందు వెంట్రుక మందపు లెక్కది. దానిని పలుచని రేకులతో సరిచేయగల పనివాడు ప్రతి ఊళ్ళో దొరకడు.

మహబూబాబాద్ జిల్లాలో ఒక మహిళా సంఘం సంగతి చెబుతాను. వెనుక డిఫరెన్షియల్ పోతే పాతది, జత సంఖ్య కలిసినదే, మంచిదే తెచ్చి వేయించారు. బోల్టులన్నీ సరిగ్గా కూర్చొన్నాయి. బండి రోడ్డు మీద హాయిగా పోతున్నది గాని, నిండు కేన్లతో కట్ట ఎక్కేటప్పుడు ఏడుస్తున్నది. రెండు నెలలు కాకుండానే క్లచ్ ప్లేటు కాలిపోయింది. ఇంజను బోరు పోయిందని మెకానిక్ తేల్చాడు. సంఘం అధ్యక్షురాలు ఒప్పుకోలేదు. "సారూ, హౌసింగు మార్చినంకనే గిట్లయింది. ఇంజను ఎట్ల పోతది? పాతది ఇంక మా కొట్టంల్నే ఉన్నది, రెండిటి పండ్లు లెక్కవెట్టిద్దాం" అన్నది. సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కపెట్టారు. తీసివేసిన క్రౌనుకు 39 పళ్ళు, పినియనుకు 8, అంటే 4.87. కొత్తగా వేసిన దానికి 41, 10, అంటే 4.1. చక్రానికి అందే బలం నూటికి 16 పాళ్ళు తగ్గిపోయింది. ఆ లోటును ప్రతి కదలికలోను క్లచ్ మోసింది. ఆమె చదివింది ఏడవ తరగతి. ఇంజను విప్పించి ఉంటే సంఘానికి ఎంత అయ్యేదో లెక్క వేయడం నాకు ఇష్టం లేదు.

కాబట్టి పళ్ళ లెక్క కలవాలి. హౌసింగు విప్పకుండా కూడా చూడవచ్చును. రెండు చక్రాలూ ఒకేసారి ఒక పూర్తి చుట్టు తిరిగేటట్లు పట్టుకొని, పినియను ముందు ఫ్లాంజి ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టాలి. నాలుగు చుట్ల మీద కొంచెమా, దాదాపు ఐదు చుట్లా అన్నది సుద్దగీత చెబుతుంది.

దుకాణంలో చేయవలసిన పని

హైదరాబాదు, విజయవాడ ఆటోనగర్‌ల వంటి పెద్ద చోట్లకు పోయినా, వరంగల్లులో కొన్నా, వట్టి చేతులతో పోవద్దు. మన పాత క్లచ్ ప్లేటును చేత పట్టుకొని పోండి. కొనబోయే డబ్బా ముందు షాఫ్టు మీదికి దానిని జార్చి చూడండి. గాట్లు కలిసి, వదులు లేకుండా జారితే సగం అనుమానం తీరినట్లే. ఫ్లాంజి బోల్టు రంధ్రాల దూరం అట్టముక్క మీద గుచ్చి తీసుకొని పోండి. బండి పేరు ఒకటే అయినా ఏళ్ళను బట్టి లోపలి సామాను మారుతుంది. దేశమంతటా 2017 ఏప్రిల్ నుండి బి.ఎస్.4, 2020 ఏప్రిల్ నుండి బి.ఎస్.6 ఇంజనులు వచ్చినప్పుడు చాలా బండ్లకు మార్పులు జరిగాయి. "అన్నింటికీ ఇదే పడుతుంది" అన్న మాట నమ్మడం కంటె అట్టముక్కను నమ్మడం మేలు.

నూనె దించే బోల్టును మన ఎదుటనే విప్పించండి. దుకాణదారు వద్దంటే అక్కడితో బేరం ముగిసింది. బోల్టు చివర అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగు గుజ్జు పలుచగా ఉండడం సహజమే. వేళ్ళ నడుమ నలిపితే నూకల వలె గింజలు తగిలినా, పెంకుల వలె మెరిసినా లోపల ఏదో పగిలింది. అసలు నూనే లేకుండా పొడిగా, శుభ్రంగా ఉంటే ఆ గింజలను కడిగివేశారేమో అనుకోవాలి. తరువాత ప్రతి గేరులోను వేసి చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టి వదిలినట్లుంటే బేరింగు దెబ్బ తిన్నది. షాఫ్టు చివర పట్టుకొని పైకి కిందికి ఆడించండి. పై మూత తీయనిస్తే రెండవ, మూడవ గేర్ల పళ్ళ అంచులు చూడండి, మనవంటి బండ్లలో ముందుగా విరిగేవి అవే. పళ్ళకు నీలి రంగు తిరిగి ఉంటే నూనె లేక కాలిన సరుకు.

ఎవరు పోవాలి? కార్యదర్శి ఒక్కడే పోరాదు. మెకానిక్ ఒక్కడే అసలే పోరాదు. కొనిపించిన మెకానిక్‌కు దుకాణంలో వాటా ముట్టడం కొన్నిచోట్ల ఆచారమైపోయింది. అతని ప్రయాణం ఖర్చు, ఒక రోజు కూలి సంఘమే ఇచ్చి, రశీదు తీసుకొని వెంట తీసుకొని పోతే అతడు మన మనిషి అవుతాడు. వెంట డ్రైవరు, పాలక వర్గ సభ్యుడొకరు ఉండాలి.

బిల్లు లేని సరుకు

సగం ధరకు బిల్లుతో ఇస్తామని, పావు ధరకు బిల్లు లేకుండా ఇస్తామని చెప్పే దుకాణాలు ఉన్నాయి. బిల్లు లేకపోతే రెండు చిక్కులు. ఆడిట్‌లో ఆ ఖర్చు నిలబడదు. 1964 సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘమైతే, చెల్లించినవారి నుండి ఆ మొత్తాన్ని రాబట్టే అధికారం 60వ సెక్షను ఇస్తున్నది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద ఉన్న సంఘమైతే ప్రశ్న సర్వసభ్య సమావేశంలోనే వస్తుంది, అది ఇంకా కష్టం. రెండవ చిక్కు దొంగ బండ్ల సామాను. దొంగ సొత్తని తెలిసి గాని, అనుమానించవలసిన కారణం ఉండి గాని తీసుకొంటే 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను వర్తిస్తుంది. ధర మరీ తక్కువగా ఉండడమే అనుమానించడానికి ఒక కారణం.

ఏ బండి నుండి తీశారో దాని నంబరు, వీలైతే రిజిస్ట్రేషను కాగితం నకలు, బిల్లు మీద డబ్బా మీది సంఖ్య వ్రాయించుకోండి. 2021 నాటి కేంద్ర నియమాల ప్రకారం నమోదైన తుక్కు కేంద్రాలు ఏర్పడుతున్నాయి. అక్కడి సరుకుకు వెనుక కాగితం ఉంటుంది. గేరుబాక్సు సంఖ్య మన ఆర్.సి.లో ఉండదు గనుక దానిని మార్చితే రవాణా శాఖతో పని లేదు. ఇంజనుకు మాత్రం ఉంటుంది. "ఇంజను, డబ్బా కలిపి చవక" అన్న బేరానికి ఒప్పుకొని, అనుమతి లేకుండా ఇంజను మార్చి, తరువాత ఫిట్‌నెస్‌కు పోయి ఇబ్బంది పడవద్దు.

ధరల మాట వచ్చింది గనుక ఇంకొకటి. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగాలపై జి.ఎస్.టి. 18 శాతం అయింది. అంతకు ముందు చాలా భాగాలపై 28 శాతం ఉండేది. 10,000 రూపాయల భాగానికి 12,800 అయ్యేది ఇప్పుడు 11,800. అంతకు ముందు తీసుకొన్న కొటేషను పట్టుకొని "కొత్తది మన వల్ల కాదు" అనుకొన్న సంఘాలు మళ్ళీ ఒకసారి అడిగి చూడాలి.

లెక్క

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి వేసినవి. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి.

మన డబ్బానే విప్పి, విరిగిన గేరు, బేరింగులు, సీళ్ళు కొత్తవి వేయిస్తే సామాను 22,000, కూలి 6,000, నూనె 2,000, మొత్తం 30,000 రూపాయలు. పాత డబ్బా 16,000, ఎక్కించే కూలి 4,000, కొత్త సీళ్ళు, రిలీజు బేరింగు, నూనె 4,000, మొత్తం 24,000. దుకాణంలో సగానికి సగం చవకగా కనిపించినది బండికి ఎక్కేసరికి 6,000 రూపాయల తేడాగా మిగిలింది.

ఈ 6,000 కోసం మనం ఏమి పందెం కాస్తున్నాం? మహదేవపూర్ వైపు, శీతలీకరణ కేంద్రానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సంఘం అనుకోండి. బండిలో 700 లీటర్లు, లీటరు 40 రూపాయలు. వేసవి పూట నడిదారిలో డబ్బా పట్టేసింది. వేరే బండి దొరికి, కేన్లు మార్చి చేర్చేసరికి పిండిన పాలకు ఐదు గంటలు దాటుతాయి. కేంద్రంలో పరీక్ష గొట్టంలో మరిగించగానే విరుగుతాయి, తిప్పి పంపుతారు. 28,000 రూపాయలు పోయాయి. మూడు రోజుల కిరాయి బండికి 7,500, మళ్ళీ విప్పి ఎక్కించే కూలి 4,000. మొత్తం 39,500. ఇట్లాంటి డబ్బాలు ఆరు కొని, ఐదు నిలబడి, ఒక్కటి మొరాయించినా, ఆరింటి మీద మిగిలిన 36,000 ఆ ఒక్కదానికే చాలదు. ఆరింటిలో ఐదు నిలబడతాయని ఏ దుకాణదారు వ్రాసి ఇస్తాడు?

ఇప్పుడు అదే డబ్బా రఘునాథపల్లి వైపు, కేంద్రానికి 8 కిలోమీటర్ల లోపు ఉన్న సంఘం కొన్నదనుకోండి. బండి ఆగితే ఫోను చేసిన అరగంటలో రెండు ఆటోలు వస్తాయి. పాలు పోవు. ఆటోలకు 1,000, కిరాయి బండికి 7,500, కూలి 4,000, మొత్తం 12,500. ఇక్కడ రెండు డబ్బాలలో ఒకటి పోయినా సంఘం దాదాపు సరికి సరిగా బయటపడుతుంది. ఈ సంఘం పాత డబ్బా కొంటే నేను తప్పు పట్టను. మహదేవపూర్ వైపు సంఘం కొంటే రెండు ప్రశ్నలు అడుగుతాను.

పాలు పోయినప్పుడు ఎవరివి పోయాయన్నది కూడా చూడాలి. సంఘం లాభం తగ్గిందని పుస్తకంలో వ్రాస్తాం. కాని ఒక్క బర్రె మీద బతికే ఇంటికి ఆ పూట నాలుగు లీటర్లంటే 160 రూపాయలు, దాణా బాకీకి కట్టవలసినవి. పందెం కాసేది పాలక వర్గం, పోగొట్టుకొనేది ఆమె. అందుకే దూరపు సంఘాల విషయంలో నేను కొంచెం గట్టిగా ఉంటాను.

బండి వయసు కూడా లెక్కలోనిదే. ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఫిట్‌నెస్ చేయించాలి. ఇంకొక ఏడాది, రెండేళ్ళకు అమ్మివేయదలచిన బండికి కొత్త సామాను పోసినా అమ్మకంలో ఆ సొమ్ము తిరిగి రాదు. అటువంటి బండికి, అదీ దగ్గరి దారిలో తిరిగేదైతే, పాత డబ్బాయే సరి. అన్నట్లు సంఘంలో ఎవరైనా సభ్యుడు తన సొంత బండిని కిరాయికి పెట్టినప్పుడు, అతడు ఏ సామాను వేసుకొంటాడన్నది అతని ఇష్టం అని ఊరుకోకండి. దారిలో ఆగి పాలు పోతే నష్టం ఎవరు భరించాలో ఒప్పందంలో వ్రాసుకోండి. వ్రాసుకొన్న రోజు నుండి అతడే సామాను జాగ్రత్తగా ఎంచుకొంటాడు.

కొన్న తరువాత మొదటి వారం ముఖ్యం. గ్యారంటీ ఎన్ని రోజులో బిల్లు మీద వ్రాయించుకొని, ఆ రోజుల లోపలే నిండు బరువుతో తిప్పాలి. మొదటి రెండు మూడు పూటలు వెనుక ఇంకొక బండి సిద్ధంగా ఉండేటట్లు చూచుకోండి. వారం చివర నూనె దించి చూచి మార్చండి. నూకలు కనిపిస్తే గ్యారంటీ ఉండగానే వాపసు.

పాలక వర్గం తీర్మానం ఈ విధంగా ఉంటే తనిఖీలో ఇబ్బంది రాదు:

"సంఘం పికప్ వాహనం గేరుబాక్సు చెడిపోయినందున, మెకానిక్ ఇచ్చిన వ్రాతపూర్వక నివేదికను, మరమ్మతు, కొత్త భాగం, పాత భాగం మూడింటికి వచ్చిన కొటేషన్లను పరిశీలించడమైనది. శీతలీకరణ కేంద్రానికి గల దూరం, ప్రత్యామ్నాయ వాహనం దొరికే వీలు, వాహనం వయసు దృష్టిలో ఉంచుకొని ............ పద్ధతిని ఎంచుకోవడమైనది. కొనుగోలుకు ............, ............ సభ్యులను, డ్రైవరును నియమించడమైనది. బిల్లు లేనిదే సొమ్ము చెల్లించరాదని, చెల్లింపు బ్యాంకు ద్వారానే జరగవలెనని తీర్మానించడమైనది."

ఖాళీలలో పేర్లు నింపేటప్పుడు రెండవ పేరు పాలు పోసే సభ్యురాలిది అయితే బాగుంటుంది. తీసివేసిన డబ్బా మెకానిక్ షెడ్డులో వదలిరావద్దు. అది సంఘం ఆస్తి. దానిని తెచ్చి పనికిరాని సామాను రిజిస్టరులో తేదీతో ఎక్కించి, తూకం వేయించి, తదుపరి సమావేశంలో వేలం వేసి, వచ్చిన సొమ్మును వాహనం మరమ్మతు పద్దుకు జమ కట్టాలి. పెంకు బాగుంటే వేలానికి తొందరపడకుండా కొట్టంలోనే ఉంచండి.